మట్టి గుట్ట మీద నువ్వులు

సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. ముసలాయన గొప్పలు చెబుతాడు, విని పోదాం అనుకుంటారు. నా దగ్గర గొప్పలు తక్కువ. తప్పులు మాత్రం ఉన్నాయి. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మీరు ఇప్పుడు ఫోన్లలో చేసే పని ఆ రోజుల్లో మేము ఎట్లా పాడు చేశామో తెలిస్తే మీకు కొంత ధైర్యం వస్తుంది.

నేను చైన్‌మన్‌ను. సర్వేయర్ భూమి కొలిచేటప్పుడు గొలుసు రెండో కొస పట్టుకొని నిలబడే మనిషిని. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గుబాయిల్లో, ఓపెన్‌కాస్టుల్లో ముప్పై ఏళ్లు ఆ కొస పట్టాను. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాది వేలిముద్రే. తర్వాత బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూం పక్క గదిలో పెద్దవాళ్లకు తరగతి పెడితే, మొదటి షిఫ్టు దిగి రోజూ గంట కూర్చున్నాను. అంకెలు అంతకుముందే వచ్చు, అవి గొలుసు నేర్పింది. అక్షరాలకు మాత్రం రెండేళ్లు పట్టింది. అందుకని నా రాతలో వంకరలు ఉంటే మీరే సర్దుకొని చదువుకోండి.

తెలంగాణ రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ల ముందు మాట ఇది. ఓపెన్‌కాస్టు గుంతలో ఊరే నీళ్లను మోటార్లతో తోడి వాగులోకి వదులుతుండేవాళ్లు. ఆ నీళ్లు ఊరికే పోకుండా చిన్న కాలువ తవ్వి ఊళ్లకు ఇవ్వాలని పైవాళ్లు తలపెట్టారు. కాలువ ఎంత దూరం తవ్వాలి? వానాకాలం తర్వాత వేసే యాసంగి పంట ఎక్కడిదాకా వేస్తున్నారో అక్కడిదాకా. అది తేల్చడానికి ఉపగ్రహం తీసిన బొమ్మల నుంచి పంటల పటం తయారు చేయమని హైదరాబాదు నుంచి ఒక మేడంను పిలిపించారు. పాతికేళ్లు దాటి ఉండవు. సొంతంగా చేతికి వచ్చిన మొదటి పని అదే అని తర్వాత చెప్పింది.

ఉపగ్రహం బొమ్మలో రంగులు ఉంటాయి, పేర్లు ఉండవు. ఈ రంగు వరి, ఈ రంగు మక్కజొన్న, ఈ రంగు నువ్వులు అని కంప్యూటరుకు ముందు ఎవరో ఒకరు చూపించాలి. దాన్ని చూసి మిగతాది అదే పోల్చుకుంటుంది. ఆ చూపించే పని మాకు పడింది. చేను దగ్గరికి వెళ్లాలి, జీపీఎస్ డబ్బాలో ఆ చోటు గుర్తు పెట్టాలి, ఫారం మీద పంట పేరు, ఎత్తు, తడి రాయాలి. ఇంతే పని.

“చేను మధ్యలోకి వెళ్లి నిలబడాలి. డబ్బాలో అంకెలు కదలడం ఆగిన తర్వాతే బొత్తం నొక్కాలి. గట్టు మీద నుంచి మాత్రం వద్దు,” అని మేడం మొదటి రోజు రెండుసార్లు చెప్పింది. ఫారం అడుగున దానికోసమే ఒక వరుస పెట్టింది: చేను మధ్యలో తీసుకున్నారా? అవునైతే టిక్కు పెట్టాలి.

మేము ముగ్గురం తిరిగేవాళ్లం. సర్వేయర్ సార్ పెద్దమనిషి. జీపు కదిలే ముందు కళ్లు మూసుకొని ఒక నిమిషం ప్రభువును తలుచుకొని గానీ బయలుదేరడు. ఆయన రాత అచ్చు వేసినట్టు ఉంటుంది. కానీ మోకాళ్లు అరిగిపోయి జీపు దిగడమే కష్టంగా ఉండేది. జీపు డ్రైవరు నన్ను బావా అని పిలిచేవాడు, ఆ వరస అడ్డం పెట్టుకొని రోజంతా నన్ను ఆటపట్టించేవాడు. మూడోవాడిని నేను. డబ్బా పట్టుకొని చేన్లలోకి నడిచేది నేనే.

నడిచానా అంటే, నడవలేదు. ఒడ్డు మీదే, అంటే మేడం వద్దన్న గట్టు మీదే, నిలబడ్డాను.

ఎందుకో చెబుతాను. చైన్‌మన్‌కు గుర్తు అంటే హద్దురాయి. సర్వేలో ఎప్పుడైనా కొస పట్టేది రాయి దగ్గరే, పొలం మధ్యలో కాదు. హద్దు వదిలి నాలుగడుగులు లోపల నిలబడినందుకు సర్వేయర్ల చేత తిట్లు తిన్న ఒళ్లు నాది. చేను మధ్యలో నిలబడమంటే నా కాళ్లకే నచ్చలేదు. వరి మడులు వచ్చినప్పుడు ఒడ్డు మీద నుంచే బొత్తం నొక్కాను. వరి ఒడ్డు జానెడు ఉంటుంది, అటు వరే, ఇటు వరే. ఏమీ బయటపడలేదు. దాంతో అలవాటైంది.

తర్వాత నువ్వుల చెలకలు, అంటే మెట్ట చేన్లు, వచ్చాయి. కాలువ గీసే దారికి చివర ముప్పై ఇళ్ల గూడెం ఒకటి ఉండేది. వాళ్లకు వేసవిలో నువ్వులే పంట. రెండు బావుల్లో అడుగంటిన నీళ్లతో ఆ నువ్వులు కూడా కష్టంగానే నిలబడేవి. నేను మొదటి చెలకలోకి కాలు పెట్టబోతుంటే అటువైపు నుంచి ఒక కేక వినిపించింది.

“ఓ అన్నా, ఆగు! ఆడ్నే ఆగు!”

యాభై ఏళ్ల మనిషి, కొంగు నడుముకు చుట్టుకొని గబగబా వచ్చింది. చెలక ఆమెదే.

“కింది కాయ పసుపు తిరిగింది, కనవడ్తలేదా? నువ్వు నడుమ నుంచి పోతె కాయ పగిలి గింజంత మన్నుల కలుస్తది. ఏం పనో ఏమో, ఒడ్డు మీదికెల్లి చేసుకో.”

“సరే అక్కా, లోపలికి రాను.”

“గా డబ్బా ఏంది?”

“పైన మనోళ్లు ఇడిశిన సుక్క ఒకటి తిరుగుతది. అది చెలకలను ఫొటో తీస్తది. ఏది నువ్వులో ఏది బీడో దానికి ఎరుక కావాలె గద, అందుకు.”

“నా చెలక దాంట్ల పడ్డదా మరి?”

“పడ్డదక్కా.”

“అయితె కాలువ మా దాక వస్తదా?”

“చెలక పడ్డంక రాకేంది, వస్తది.”

ఆమె బిందెలో నీళ్లు ముంచి ఇచ్చింది. తాగాను. నువ్వుల చెలకల మధ్య ఒడ్లు వెడల్పుగా ఉంటాయి. వాటి నిండా రేగు పొదలు, తంగేడు, అక్కడక్కడ తుమ్మచెట్లు. రామగుండం ఎండల సంగతి మీకు చెప్పేదేముంది. తుమ్మ నీడలో నిలబడి బొత్తం నొక్కాను. ఆ చెలకకూ, ఆ గూడెం చుట్టూ ఉన్న మిగతా నువ్వుల చెలకలన్నింటికీ అట్లాగే నొక్కాను.

జీపు దగ్గరికి రాగానే సార్ అడిగేవాడు. “నడుమకు పోయినవా?”

“పోయిన సార్.”

డ్రైవరు నా కాళ్ల దిక్కు చూసి నవ్వేవాడు. “ఏ మంత్రమేసినవ్ బావా? నువ్వుల చేన్ల నడిశినా నీ చెప్పులకు ఒక్క ఆకు అంటలే!”

“నువ్వు బండి సూస్కోని తోలు.”

ఫారం మీద టిక్కు పెట్టి సార్‌కు ఇచ్చేవాడిని. ఆయన నన్ను నమ్మి కింద సంతకం చేసేవాడు. అక్షరాలు నేర్చుకున్నాక కాగితం మీద నేను ఆడిన మొదటి అబద్ధం ఆ టిక్కు. సగం ఆ అక్క గింజ కోసం, సగం నా ఒళ్లు బద్ధకం వల్ల. అంతా గింజ కోసమే అని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

పది రోజులకు పటం వచ్చింది. ప్రాజెక్టు ఆఫీసు హాల్లో గోడ నిండా పరిచారు. వరికి ఆకుపచ్చ, మక్కకు నారింజ, నువ్వులకు పసుపు, బీడుకు బూడిద రంగు. కాలువ పని చూసే ఇంజినీరు, ఇంకో నలుగురు ఆఫీసర్లు ముందు నిలబడ్డారు. మేము వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాం. వరి సరిగ్గానే వచ్చింది. ఇంజినీరు తల ఊపుతూ చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక ఆఫీసరు పకపకా నవ్వాడు.

“మేడం, మన మట్టి గుట్ట మీద నువ్వులు ఎవలు చల్లిండ్రు?”

ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయడానికి ముందు తవ్విన మట్టిని తెచ్చి పోసిన గుట్ట అది. దాని మీద పిచ్చి పొదలు తప్ప ఇంకేమీ లేవు. పటంలో ఆ గుట్ట మొత్తం పసుపు రంగులో ధగధగ మెరుస్తోంది. హాలంతా నవ్వులు.

నాకు నవ్వు రాలేదు. నా కళ్లు గూడెం దిక్కుకు పోయాయి. నిజంగా నువ్వులు ఉన్న చోటు అంతా బూడిద రంగు. బీడు.

“పాయింట్లన్నీ చేను మధ్యలో తీసినవే. ఫారాలు నేనే చూశాను. కంప్యూటరు ఎక్కడ గందరగోళపడిందో తెలియడం లేదు,” అన్నది మేడం.

“గుట్ట సంగతి ఇడిశిపెట్టుండ్రి, అది మనకు తెలిసిందే,” అన్నాడు ఇంజినీరు. పెన్సిల్ తీసి పటం మీద కాలువ గీత గీస్తూ వచ్చి, ఆకుపచ్చ అయిపోయిన చోట ఆపాడు. “ఈడికి చాలు. ఆవల బీడే గద.”

గీత ఆ అక్క చెలకకు కిలోమీటరు ఇవతల ఆగిపోయింది.

మీటింగు అయిపోయి అందరూ చాయ్‌కు లేచారు. నేను సర్వేయర్ సార్‌ను వరండాలో బెంచీ దగ్గరికి తీసుకుపోయాను.

“ఏందయ్యా, గట్ల చెమటలు పడ్తున్నయ్?”

“సార్, నేను నడుమకు పోలే.”

“ఏ చెలకకు?”

“నువ్వులయి ఒక్కదానికి గూడ పోలే.”

“కింద సంతకం ఎవనిది?”

“మీదే సార్.”

“నాలుగు నెలల్ల దిగిపోతున్న నేను. ముప్పై ఐదేండ్లల నా మీద ఒక్క మెమో లేదు. నువ్వు నోరు మూసుకోని ఇంటికి పో.”

నేను పోలేదు. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు, నేను స్తంభం పక్కన నిలబడ్డాను. లోపల చాయ్ గ్లాసుల చప్పుడు. ఈ సాయంత్రానికి మీటింగు కాగితం టైపు అయిపోతే గీత అక్కడే ఖాయం.

“సార్, ఆ అక్క అడిగితె చెలక పడ్డదని చెప్పిన. నీళ్లిచ్చింది, తాగి చెప్పిన,” అన్నాను.

సార్ జేబులోని పెన్ను మూత తీశాడు, పెట్టాడు. మళ్లీ తీశాడు, పెట్టాడు. తర్వాత రెండు చేతులతో మోకాళ్లు నొక్కుకుంటూ లేచాడు. “నేను జీపు దిగి ఒక్కనాడన్న సూడలే. గది నా తప్పు. పద.”

మేడం ముందు నిలబడి చెప్పేశాం. ఆమె ముఖం ఎర్రబడింది.

“నాకు అబద్ధం చెప్పారా?”

“చెప్పిన మేడం.”

“అందరూ నన్ను చూసి నవ్వారు. మీరు వెనకే నిలబడి ఉన్నారు కదా!”

“ఉన్న మేడం.”

ఇంకా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను కంప్యూటరు ముందుకు పిలిచింది. బొమ్మను పెద్దది చేస్తూ పోతే చివరికి చదరపు గడులు మిగిలాయి. ఒక్కో గడికి ఒక్కటే రంగు. భూమి మీద ఒక్కో గడి ఇరవై మూడు, ఇరవై నాలుగు మీటర్లు అని చెప్పింది. నేను పట్టే గొలుసు ముప్పై మీటర్లది. ఆ గడి దానికంటే పొట్టి. అప్పుడు నా బుర్రకు ఎక్కింది. ఆ గడిలో ఏమేమి ఉన్నాయో అవన్నీ కలిపి పైనున్న కన్ను ఒకే రంగుగా చూస్తుంది. ఒడ్డు మీద నిలబడితే ఆ గడిలో రేగు, తంగేడు, తుమ్మ ఎక్కువ, నువ్వులు తక్కువ. నేను కంప్యూటరుకు పొదలను చూపించి ఇవే నువ్వులు అని నేర్పాను. అది బుద్ధిమంతురాలిలాగా నేర్చుకొని, పొదలున్న మట్టి గుట్ట మీద నువ్వులు పండించింది. అసలు నువ్వులను చూసి ఇవి నువ్వులు కావు, బీడు అన్నది.

మేడం లోపలికి వెళ్లి ఇంజినీరుతో మాట్లాడింది. ఆయన వారం రోజులు ఇచ్చాడు. “వానలు పడకముందే తవ్వాలె. వారం దాటితె గీత గీతే,” అన్నాడు. అటు చూస్తే వారం దాటితే నువ్వులు కోసేస్తారు. కోసిన చెలకలో తీయడానికి ఏముంటుంది?

మర్నాడు గూడేనికి వెళ్లాను. ఆ అక్క ఇంటి ముందు కొడవలి నూరుతోంది. జరిగింది దాచకుండా చెప్పాను.

“అంటే ఆనాడు పడ్డదని అబద్ధం ఆడినవా?”

“తెల్వక చెప్పిన అక్కా.”

“తెల్వకుంటె తెల్వదని చెప్పరాదా? నోరు అరుగుతదా?” అని గట్టిగా అడిగింది. పక్క ఇళ్ల ఆడవాళ్లు వచ్చి మూగారు. తల వంచుకొని నిలబడ్డాను. కాసేపు కసితీరా అన్నాక ఆమే అడిగింది. “ఇప్పుడు ఏం జేయాలె?”

“చెలక నడుమకు పోయి నొక్కాలె.”

“గీ ఎండల పోతె గలగల రాల్తయ్. పొద్దు పొడవకముందు రా. చల్లటి పూట కాయ నోరు తెరువది. మేము కోసేది గూడ గప్పుడే.”

ఈ సంగతి నేను ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ సర్వేయర్ నోటా వినలేదు. తూర్పున తెలుపు రాగానే మొదలుపెట్టి ఎండ చురుక్కుమనే లోపు ఆపేయాలి. రోజుకు రెండు గంటలు. అంతే.

మొదటి పొద్దున నేను చెప్పులు విడిచి చెలకలోకి దిగబోతే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

“నువ్వు రాకు. నీ అడుగు దున్నపోతు అడుగు. డబ్బా ఇటియ్యి, ఎట్ల నొక్కాల్నో చెప్పు.”

“ఎడమ దిక్కు బొత్తం అక్కా.”

“నాకు సదువు రాదు గద.”

“సదువక్కర్లే. అంకెలు ఉరుకుతుంటె ఆగు. అవి నిలవడ్డంక నొక్కు.”

ఆమె చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకొని, ఒక పక్కకు తిరిగి, మునివేళ్ల మీద నడిచింది. చేతి వెనక భాగంతో మొక్కలను మెల్లగా జరుపుకుంటూ, నిద్రపోతున్న పసిపిల్లల మధ్య నుంచి పోయినట్టు పోయింది. ఒక్క కాయ చప్పుడు కాలేదు. మధ్యలో నిలబడి డబ్బాను తల మీదికి ఎత్తి పట్టుకొని అరిచింది. “ఉరుకుతున్నయ్... ఉరుకుతున్నయ్... ఆ, నిలవడ్డయ్!”

“నొక్కు!”

తర్వాత ఎవరి చెలకలోకి ఆ ఇంటి ఆడమనిషే డబ్బా పట్టుకొని పోయింది. సర్వేయర్ సార్ ఆ వారమంతా జీపులో కూర్చోలేదు. కుంటుకుంటూ ప్రతి ఒడ్డు మీదికీ వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు డబ్బా బ్యాటరీలు మోస్తూ, “బావా, నువ్వు ఇన్నేండ్లు నేర్సుకున్న పని ఈ అక్కలు రెండు నిమిషాల్ల నేర్సిండ్రు,” అని ఊరంతా వినేటట్టు అరుస్తుండేవాడు. మూడో రోజు మేడం కూడా వచ్చింది. ఆడవాళ్లు ఆమెను కిందికీ మీదికీ చూశారు.

“ఓ పిల్లా, నువ్వైతె గాలికే ఊగేటట్టున్నవ్. నువ్వు పో నడుమకు, నీకు ఒక్క కాయ గూడ రాలది.”

మేడం నవ్వుతూ షూలు విప్పి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు రెండు కాయలు పగిలాయి. ఆ ఇంటావిడ లెక్కపెట్టి మరీ చెప్పింది. తర్వాత మా అందరికీ జొన్న గటక పోసి, మేడంకు ఇంకో గరిటె ఎక్కువ పోసింది.

ఫారంలో టిక్కు దగ్గర నా చెయ్యి ఆగింది. టిక్కు పెట్టి, పక్కన నా వంకర అక్షరాలతో రాశాను: ‘నేను పోలేదు. చెలక మనిషి పోయింది.’ సార్ చదివి సంతకం చేశాడు.

ఆరో పొద్దుకు నలభై చెలకలు పూర్తయ్యాయి. రెండో పటం వచ్చిన రోజు నేను గోడకు ఆనుకోకుండా ముందుకు పోయి చూశాను. మట్టి గుట్ట మీద నువ్వులు పోయాయి. గూడెం చుట్టూ పసుపు పచ్చగా విచ్చుకుంది. ఇంజినీరు పటాన్ని రెండు నిమిషాలు చూసి, పెన్సిల్ తీసి గీతను గూడెం చివరిదాకా లాగాడు.

నాకు మెమో వచ్చింది. అంతకుముందు రెండు వస్తే ఇతరులు చదివి చెప్పారు. ఇది నేనే కూర్చొని, వేలు పెట్టుకొని, ఒక్కో మాటా చదువుకున్నాను. అందులో రాసిందంతా నిజమే. మా సార్ మీదికి రాకుండా మేడం ఏం రాసిందో, ఎట్లా రాసిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. సార్ నాలుగు నెలల తర్వాత మెమో లేకుండానే దిగిపోయాడు. పూలదండ వేసుకొని, నా చెవిలో, “నీ వల్ల మోకాళ్లు ఇంకింత పోయినయ్,” అన్నాడు.

ఆ మరుసటి యాసంగిలో ఒకరోజు సెలవు పెట్టి గూడేనికి వెళ్లాను. కాలువ సన్నగానే ఉంది గానీ నీళ్లు చివరిదాకా పారుతున్నాయి. చెలకలు చూద్దునా, ఒక్క నువ్వుల మొక్క లేదు. చెలకలన్నీ మడులు కట్టి, దమ్ము చేసి, కనుచూపు మేర నాట్లు వేస్తున్నారు. ఆ అక్క మోకాలి లోతు బురదలో వంగి ఉంది.

“అక్కా, నువ్వులేవి?”

“నీళ్లొచ్చినంక నువ్వులు ఎవలేస్తరే అన్నా!” అంది తల ఎత్తకుండానే.

నేను అక్కడి నుంచే మేడంకు ఫోన్ చేశాను.

“మేడం, మన పటం మొత్తం తప్పయింది.”

“మళ్లీ ఏం చేశారు మీరు?” అని గాభరాపడింది.

“నేనేం చెయ్యలే. మనం నువ్వులు సూపిన చోటల్ల వరి నాటుతున్నరు.”

మేడం నవ్వడం మొదలుపెట్టింది, ఆగలేదు. నేనూ నవ్వాను.

“ఓ అన్నా, ఫోన్ల ముచ్చట తర్వాత పెట్టుకో,” అని అక్క మడిలో నుంచి కేకేసింది. “వచ్చినోనివి ఎట్లాగో వచ్చినవ్, ఆ నారు కట్టలు జర ఇటు అందియ్యి.”

ఫోన్ జేబులో వేసుకొని నారు కట్టలకు వంగాను.